చచ్చిన చట్టాల లెక్క, బతికున్న అధికారాల ఊసు

దినపత్రికల జిల్లా పేజీలు చదివే అలవాటున్న వారికి ఆ చిన్న వార్త కొత్తేమీ కాదు. ‘నెలాఖరు వరకు 30 పోలీస్ యాక్టు అమలు’ అన్న శీర్షిక కింద, ముందస్తు అనుమతి లేకుండా సభలు, ర్యాలీలు, ధర్నాలు చేపట్టరాదని జిల్లా ఎస్పీయో, సబ్ డివిజన్ డీఎస్పీయో చేసిన ప్రకటన నాలుగు వాక్యాల్లో ఉంటుంది. నెల తిరిగేసరికి తేదీలు మాత్రం మార్చుకుని అదే వార్త మళ్లీ కనిపిస్తుంది. ఇక్కడ 30 అన్నది సెక్షన్ నంబరు. అది ఉన్నది 1861 నాటి పోలీసు చట్టంలో. 1857 తిరుగుబాటు చెలరేగిన నాలుగేళ్లకు, జనం మళ్లీ గుమిగూడితే ఏం చేయాలన్న భయం ఇంకా తీరని పాలకులు రాసుకున్న చట్టమది. అదే దేశంలో, 2014 నుంచి 2023 నాటి రద్దు చట్టం దాకా లెక్క వేసి, కాలం చెల్లిన 1,562 కేంద్ర చట్టాలను తొలగించామని ప్రభుత్వం పార్లమెంటుకూ ప్రజలకూ చెబుతోంది. 1861 పోలీసు చట్టం ఆ జాబితాలో లేదు.

రద్దు చేసిన చట్టాల సంఖ్య పెరిగినంత మాత్రాన పౌరుడి మీద ప్రభుత్వానికున్న పట్టు సడలినట్టు కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. అయినా మన రాజకీయ చర్చ ఎక్కువగా ఆ సంఖ్య చుట్టూనే తిరుగుతోంది. అధికార పక్షం దాన్ని వలస వారసత్వం నుంచి విముక్తిగా, వ్యాపారానికి సౌలభ్యంగా చూపుతుంది. ప్రతిపక్షం, ముఖ్యంగా వామపక్షాలు, నియంత్రణ తగ్గింపు అన్న మాట వినగానే కార్పొరేట్లకు దోచిపెట్టడమేనని తీర్పు చెప్పేస్తాయి. ఈ రెండు వాదాలూ ఏ చట్టం గురించి మాట్లాడుతున్నామన్న మొదటి ప్రశ్నను దాటవేస్తున్నాయి.

ముందు ఆ 1,562 లోపల ఏముందో చూద్దాం. అందులో 750కి పైగా వినియోగ చట్టాలు, అంటే బడ్జెట్ ఆమోదం పొందాక సంచిత నిధి నుంచి డబ్బు తీసుకునేందుకు ఏటా పార్లమెంటు చేసేవి. ఆ ఆర్థిక సంవత్సరం గడిచిపోగానే వాటి పని అయిపోతుంది. దశాబ్దాలుగా పుస్తకాల్లో అలా పేరుకుపోయిన వాటన్నింటినీ 2016లో ఒకే చట్టంతో తుడిచేశారు. మొత్తం లెక్కలో దాదాపు సగం అక్కడే తేలిపోయింది. మిగిలిన వాటిలోనూ పెద్ద భాగం సవరణ చట్టాలు. ఒక సవరణ చట్టం అమల్లోకి రాగానే అందులోని మార్పు మూల చట్టంలో కలిసిపోతుంది, సవరణ చట్టం ఖాళీ గుల్లగా మిగులుతుంది. ఆ గుల్లను రద్దు చేసినా మూల చట్టంలో కలిసిన మార్పు చెక్కుచెదరదని 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్టులోని 6ఎ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అంటే రద్దుకు ముందు రోజు పౌరుడికి ఏ హక్కు, ఏ బాధ్యత ఉన్నాయో రద్దు తర్వాతి రోజు కూడా అవే ఉంటాయి. చచ్చిన పామును కొట్టడంలో ధైర్యమూ అక్కర్లేదు, అపాయమూ లేదు.

ఈ పని అనవసరమని అనడం నా ఉద్దేశం కాదు. చట్టాల పుస్తకం శుభ్రంగా ఉండటం న్యాయ వ్యవస్థకు అవసరమే. ఏది అమల్లో ఉందో, ఏది లేదో న్యాయవాదికే తెలియని దేశంలో సామాన్యుడు చట్టానికి లోబడి ఎలా నడుచుకుంటాడు? ఈ ఆలోచన ఒక్క ప్రభుత్వానిదీ కాదు. వాజ్‌పేయి ప్రభుత్వం 1998లో పి.సి.జైన్ నాయకత్వంలో వేసిన కమిషన్ 1,300కు పైగా చట్టాలను తొలగించవచ్చని అప్పుడే చెప్పింది. ఆ తర్వాతి పదహారేళ్లలో రద్దయినవి నాలుగు వందల పైచిలుకు మాత్రమే. 2014లో జస్టిస్ ఎ.పి.షా అధ్యక్షతన ఉన్న లా కమిషన్ వరుస నివేదికలు ఇవ్వడం, ప్రధాని కార్యాలయ కార్యదర్శి ఆర్.రామానుజం నేతృత్వంలోని కమిటీ అప్పటికి అమల్లో ఉన్న 2,781 కేంద్ర చట్టాలను వడపోసి 1,741 చట్టాలను గుర్తించడంతో పని ఊపందుకుంది. బూజు దులిపే పనిని పదహారేళ్లు వాయిదా వేసినవారు, దులిపినవారి గొప్పలను చూసి నవ్వడంలో అర్థం లేదు.

ఆ జాబితాలో నిజంగా చెప్పుకోదగ్గవి కూడా ఉన్నాయి. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం అలాంటిది. ప్రభుత్వంపై అసంతృప్తి రేపే నాటకాన్ని ఆపేసే అధికారం ఆ చట్టం అధికారులకు ఇచ్చింది. అది రాజ్యాంగ విరుద్ధమని అలహాబాద్ హైకోర్టు 1956లోనే తేల్చింది. అయినా కేంద్ర చట్టాల పుస్తకం నుంచి అది తొలగింది 2017 నాటి రద్దు చట్టంతో. నడుమ గడిచిన అరవై ఏళ్లలో కేంద్రంలో దాదాపు అన్ని రాజకీయ ధోరణులవారూ అధికారంలో కూర్చుని లేచారు.

అయితే పుస్తకంలో ఉండి వాడకంలో లేని చట్టం కన్నా, పుస్తకం నుంచి పోయినా వాడకంలో ఉన్న చట్టం ఎక్కువ ప్రమాదకరం. ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టివేసింది. ఆన్‌లైన్‌లో రాసిన మాట ఎవరికైనా అభ్యంతరకరంగా తోస్తే అరెస్టు చేసే వీలు కల్పించిన సెక్షన్ అది. కొట్టేసిన ఆరేళ్ల తర్వాత కూడా పోలీసులు అదే సెక్షన్ కింద కేసులు కడుతున్నారని తెలిసి 2021లో ధర్మాసనం విస్తుపోయింది. చివరకు ఆ సెక్షన్ కింద ఎవరినీ విచారించరాదని 2022 అక్టోబరులో విడిగా ఆదేశించాల్సి వచ్చింది. ఢిల్లీలో చచ్చిన చట్టం ఠాణాలో బతికే ఉంది. రద్దు చేసిన చట్టాల సంఖ్యను ఘనంగా ప్రకటించేవారు, రద్దు కబురు రైటర్ బల్ల దాకా చేరిందా లేదా అన్న ప్రశ్నకు ఎన్నడూ సమాధానం చెప్పినట్టు లేదు.

ఇక అసలైన పరీక్ష ప్రభుత్వానికి పనికొచ్చే పాత చట్టాల దగ్గర ఎదురవుతుంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టాన్నే తీసుకోండి. దేశంలో టెలిగ్రామ్ సేవ 2013 జూలైలో ఆగిపోయింది. చట్టం మాత్రం మరో పదేళ్లు నిలిచింది, ఎందుకంటే ఫోన్ సంభాషణలు రహస్యంగా వినడానికి ప్రభుత్వానికి ఆధారం అందులోని 5వ సెక్షనే. 2023 డిసెంబరులో టెలికమ్యూనికేషన్స్ చట్టం తెచ్చి టెలిగ్రాఫ్ చట్టాన్ని సాగనంపారు. పాత పేరు పోయింది, తంతి పోయింది, చాటుగా వినే అధికారం మాత్రం కొత్త చట్టంలో భద్రంగా చోటు దక్కించుకుంది. అదే సమావేశాల్లో భారతీయ శిక్షాస్మృతి స్థానంలో న్యాయ సంహిత వచ్చింది. 124ఎ సెక్షన్‌లోని రాజద్రోహం అన్న మాట కనుమరుగైంది. కానీ దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు భంగం కలిగించే చర్యల పేరుతో 152వ సెక్షన్ వచ్చి కూర్చుంది. సుప్రీంకోర్టు 2022 మేలో పాత సెక్షన్ అమలును నిలిపివేసినప్పుడు లేచిన ప్రశ్నలు కొత్త సెక్షన్‌ను కూడా వెంటాడుతున్నాయి. ఇంత ముఖ్యమైన బిల్లులను చర్చించిన ఆ సమావేశాల్లో ఉభయ సభల నుంచి 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండై ఉన్నారన్నది కూడా గుర్తుంచుకోవాలి. వలస పాలన గుర్తులు చెరిపేసే పనిని ప్రతిపక్షం లేని సభలో కానిచ్చేయడం విచిత్రమే.

పాతదైనంత మాత్రాన చట్టం పనికిరానిదైపోదన్న సంగతి కోవిడ్ కాలంలో అందరికీ అనుభవంలోకి వచ్చింది. బొంబాయిలో ప్లేగు చెలరేగినప్పుడు, 1897లో చేసిన అంటువ్యాధుల చట్టంలో ఉన్నవి నాలుగే సెక్షన్లు. 2020లో రాష్ట్రాలన్నీ దుమ్ము దులిపి దాన్నే పట్టుకున్నాయి. తీరిక ఉన్న కాలంలో, 2017లో దాని స్థానంలో ఒక ముసాయిదా తయారైనా అది చట్టం కాలేదు. ప్రభుత్వానికి అంతులేని అధికారమిచ్చి, పౌరుడి హక్కుల గురించి ఒక్క మాట కూడా చెప్పని చట్టం కాబట్టే అది అంత సౌకర్యంగా ఉందేమో.

ఇదంతా కేంద్ర చట్టాల ముచ్చట. రాష్ట్రాల అల్మారాల్లో ఏముందో చెప్పే లెక్క ఇంతవరకు ప్రజల ముందుకు సరిగా రాలేదు. రాజ్యాంగంలోని 372వ అధికరణం ప్రకారం, రాజ్యాంగానికి ముందున్న చట్టాలు ఎవరైనా మార్చేదాకా, రద్దు చేసేదాకా కొనసాగుతాయి. ఆ వాక్యం నీడలో నిజాం కాలపు చట్టమొకటి మొన్న మొన్నటి దాకా హైదరాబాద్‌లో బతికింది. 1329 ఫసలీ, అంటే 1919లో చేసిన ఆ చట్టం ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పేర్లను రిజిస్టరులో ఎక్కించాలంది, స్త్రీల దుస్తుల్లో బహిరంగంగా కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చంది. హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ ఏర్పడింది. చట్టం పేరు ముందు రాష్ట్రం పేరు మారుతూ వచ్చిందే తప్ప లోపలి రాత మారలేదు. దాన్ని 2023 జూలైలో కొట్టివేసింది శాసనసభ కాదు, తెలంగాణ హైకోర్టు. కేంద్రం వందల కొద్దీ చట్టాల రద్దును పండుగలా జరుపుకొంటున్న ఏళ్లలోనే, ఒక మనిషి పుట్టుకనే నేరంగా చూసిన చట్టంపై పోరాడేందుకు ఆ సమాజం వారు కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది.

రద్దు చేసినా పోని చట్టానికి ఉదాహరణ కోసం కూడా తెలుగువారు ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తరలించి, క్రైస్తవ సేవా సంస్థ సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో ఉంచిన స్టూవర్టుపురం నేటి బాపట్ల జిల్లాలో ఉంది. పుట్టిన తెగను బట్టి మనిషిని దొంగగా ముద్ర వేసి, హాజరు పట్టీలో నిలబెట్టిన ఆ చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం 1947లో, దేశమంతటికీ వర్తించేలా కేంద్రం 1952లో తొలగించాయి. మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. తెగ అన్న మాట తీసేసి వ్యక్తి అన్న మాట పెట్టారు. ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసు జీపు వెళ్లే దారి మాత్రం మారలేదు. జైలు మాన్యువళ్లలో కులం, పూర్వపు నేరస్థ తెగల ముద్ర ఆధారంగా ఖైదీలకు పనులు పంచే నిబంధనలను సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో కొట్టివేసే దాకా, రద్దైన చట్టం తాలూకు భాష మన జైళ్ల నియమావళిలో సజీవంగా ఉంది. చట్టం రద్దు కాగితం మీద ఒక్క వాక్యంతో అయిపోతుంది. దాని కింద పుట్టిన మాన్యువళ్లను, రిజిస్టర్లను, అలవాట్లను వెతికి తీసేయడం అసలు పని. దానికి లెక్కలో చోటు లేదు కనుక ఎవరూ తలకెత్తుకోరు.

చర్చలో రెండో సగం నియంత్రణల తగ్గింపు. ఇక్కడ సమస్య నిజమైనదేనని ముందే ఒప్పుకోవాలి. అబ్జర్వర్ రీసెర్చ్ ఫౌండేషన్, టీమ్‌లీజ్ రెగ్‌టెక్ 2022లో వెలువరించిన అధ్యయనం ప్రకారం దేశంలో వ్యాపారాన్ని తాకే 1,536 చట్టాల కింద 69,233 నిబంధనలు పాటించాల్సి ఉండగా, వాటిలో 26,134 ఉల్లంఘనలకు జైలు శిక్ష రాసి ఉంది. ఒక ఫారం ఆలస్యంగా దాఖలు చేసినందుకూ, గోడ మీద ఒక నోటీసు అంటించనందుకూ జైలు శిక్ష పెట్టిన చట్టాన్ని ఎవరూ సమర్థించలేరు. అలాంటి సెక్షన్ల కింద నిజంగా జైలుకు వెళ్లేవారు చాలా తక్కువ. వాటి ఉపయోగం వేరు. తనిఖీకి వచ్చిన అధికారి ఫైలు తెరిచి ఆ సెక్షన్ చదివి వినిపిస్తే చాలు, బేరం మొదలవుతుంది. పెద్ద కంపెనీకి న్యాయ విభాగం ఉంటుంది. పదిమందితో నడిచే చిన్న యూనిట్ యజమానికి ఉండదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత మన లైసెన్సుల వ్యవస్థను చూసే పుట్టిందా అనిపిస్తుంది. ప్రతి నిబంధననూ కార్మిక రక్షణగా భావించి అడ్డుపడే ప్రతిపక్షాలు, ఇన్‌స్పెక్టరు ఎప్పుడూ కార్మికుడి పక్షానే ఉంటాడని తమకు తాము నమ్మకం చెప్పుకుంటున్నాయి. క్షేత్రంలో పనిచేసిన ఏ యూనియన్ నాయకుడిని అడిగినా అది నిజం కాదనే చెబుతాడు.

ఈ నేపథ్యంలో 2023లో వచ్చిన జన విశ్వాస్ చట్టం 42 చట్టాల్లోని 183 నిబంధనల నుంచి నేర స్వభావాన్ని తొలగించింది. లోక్‌సభలో అది మణిపూర్‌పై ఆందోళనల హోరు నడుమ మూజువాణి ఓటుతో గట్టెక్కింది. రెండో విడత బిల్లు 2025 ఆగస్టులో సభ ముందుకు వచ్చింది. అంతకుముందు, 2023-24 బడ్జెట్ ప్రసంగంలో 39,000కు పైగా నిబంధనలను తగ్గించామని, 3,400కు పైగా అంశాలను నేరాల పరిధి నుంచి తప్పించామని ఆర్థిక మంత్రి ప్రకటించారు. ఆర్థికేతర రంగాల్లో నియంత్రణల సమీక్షకు ఉన్నత స్థాయి కమిటీ వేస్తామని 2025 బడ్జెట్ చెప్పింది. వేగం కనిపిస్తోంది. కానీ తీసేసిన వాటిలో ఏ రకానికి చెందినవి ఎన్ని?

జన విశ్వాస్ చట్టం ఆలస్యపు ఫారాల వంటి చిన్న తప్పుల దగ్గర ఆగలేదు. పర్యావరణ పరిరక్షణ చట్టం ఉల్లంఘనకు ఐదేళ్ల వరకు ఉన్న జైలు శిక్షను తీసేసి, పది వేల నుంచి పదిహేను లక్షల రూపాయల జరిమానా పెట్టింది. నాణ్యతా ప్రమాణాలు అందుకోని మందుల తయారీకి సంబంధించిన ఒక నిబంధనను డబ్బు కట్టి రాజీ చేసుకునే జాబితాలో చేర్చింది. కల్తీ మందులకు, ప్రాణనష్టానికి ఇది వర్తించదని ప్రభుత్వం ఇచ్చిన వివరణ సరైనదే. అయినా ఫారం ఆలస్యం, నదిలోకి వదిలిన వ్యర్థం ఒకే బిల్లులో, ఒకే తర్కంతో, ‘చిన్న నేరాల’ పద్దు కింద చేరడం పొరపాటున జరిగిందని అనుకోలేం. పదిహేను లక్షలన్నది చిన్న పరిశ్రమకు శిక్ష, పెద్ద పరిశ్రమకు ఖర్చుల్లో మరో పద్దు.

పెద్దగా చర్చకు రాని మరో మార్పు ఇందులోనే ఉంది. నేరమైతే నిరూపించే బాధ్యత ప్రభుత్వానిది, తీర్పు చెప్పేది కోర్టు. జరిమానాగా మారాక నిర్ణయించేది ప్రభుత్వమే నియమించిన అధికారి. అప్పీలుకు దారి ఉన్నమాట నిజమే కానీ, తొలి తీర్పు న్యాయమూర్తి చేతి నుంచి కార్యనిర్వాహక వర్గం చేతికి మారింది. నియంత్రణ తగ్గిందని మనం చెప్పుకొంటున్న చోట అధికారి విచక్షణ పెరిగింది. లైసెన్సు రాజ్యంలో వ్యాపారిని పీడించింది జైలు భయమా, అధికారి విచక్షణా అన్నది అనుభవమున్నవారే చెప్పాలి.

పని జాగ్రత్తగా చేస్తే ఎలా ఉంటుందో కూడా మన ముందే ఒక నమూనా ఉంది. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. అందులోని ఏడు నేరాల్లో మూడింటిని జరిమానాలుగా మార్చి, ప్రాణాలకూ ఆస్తికీ ముప్పు తెచ్చే నాలుగింటికి శిక్షలను యథాతథంగా ఉంచారు. వందేళ్ల చట్టాన్ని ముట్టుకునేటప్పుడు, పేలే బాయిలర్ వేరు, పోయిన కాగితం వేరు అన్న వివేకం చూపారు. దానికి ప్రచారం దక్కలేదు, ఎందుకంటే సంఖ్యల పట్టికలో అది ఒకే ఒక్క చట్టం.

సులభతర వాణిజ్య ర్యాంకుల పోటీలో దేశంలో ముందు నిలిచినవి తెలుగు రాష్ట్రాలే. 2016లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిసి మొదటి స్థానం పంచుకున్నాయి. 2018లో ప్రకటించిన జాబితాలో ఒకటి, రెండు స్థానాలు, 2019 ర్యాంకుల్లో ఒకటి, మూడు స్థానాలు దక్కాయి. ఈ ర్యాంకులు కొలిచేది అనుమతులు, తనిఖీల వంటి వాటిలో సంస్కరణల అమలును. కార్మికుడు సాయంత్రం క్షేమంగా ఇంటికి చేరాడా అన్న గడి వాటిలో లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి కమ్ముకుని తొలి రోజుల్లోనే పన్నెండు మంది మరణించారు. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఔషధ పరిశ్రమలో 17 మంది, 2025 జూన్ 30న తెలంగాణలోని పాశమైలారంలో మరో కర్మాగారంలో 50 మందికి పైగా బలయ్యారు. ఈ ప్రమాదాలకు సంస్కరణలే కారణమని తేల్చిచెప్పే ఆధారం నా దగ్గర లేదు, అలా రాయడం తప్పు కూడా. చట్టంలో ఉన్న తనిఖీలు జరగకపోవడం వేరు, తనిఖీ నిబంధననే తొలగించడం వేరు. అయితే పాశమైలారం శిథిలాలు ఇంకా ఎత్తుతున్న వారంలోనే తెలంగాణ ప్రభుత్వం దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల పనికి వీలిస్తూ ఉత్తర్వు వెలువరించింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ కర్మాగారాల్లో రోజువారీ పని పరిమితిని తొమ్మిది నుంచి పది గంటలకు, మూడు నెలల ఓవర్‌టైమ్ పరిమితిని 75 నుంచి 144 గంటలకు పెంచింది. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉందని ప్రభుత్వాల వాదన. ఓవర్‌టైమ్ తలుపు ఇంత విశాలంగా తెరిచాక ఆ హద్దు ఎంత నిలబడుతుందో చూడాలి.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లనూ ఈ కోణంలోనే చదవాలి. 29 చట్టాలను నాలుగుగా కుదించడంలో మంచి ఉంది. నిర్వచనాలు ఒక్కటయ్యాయి, రిజిస్టర్లు తగ్గాయి. కానీ కరెంటుతో నడిచే యూనిట్‌ను కర్మాగారంగా గుర్తించడానికి కావాల్సిన కార్మికుల సంఖ్య పది నుంచి ఇరవైకి పెరిగింది. తొలగింపులకు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన పరిమితి వంద మంది నుంచి మూడు వందలకు చేరింది. 29 నాలుగైందన్న వాక్యం అందరి నోటా వినిపిస్తుంది. పది ఇరవై అయిందన్న వాక్యంతో నేరుగా సంబంధమున్నది పద్నాలుగు మందితో నడిచే షెడ్డులోని కార్మికుడికి.

నియంత్రణలను సంఖ్యతో కొలిచే జబ్బు మనకొక్కరికే లేదు. ఒక కొత్త నిబంధన తెస్తే రెండు పాతవి తీసేయాలని అమెరికాలో ట్రంప్ 2017 జనవరిలో ఉత్తర్వు ఇచ్చారు. రెండోసారి గెలిచాక, 2025లో ఆ రెండును పది చేశారు. బ్రిటన్‌లో 2011 నుంచి ఒకటికి ఒకటి, తర్వాత ఒకటికి రెండు అన్న సూత్రం నడిచింది. 2017 జూన్‌లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. భవనానికి తొడిగిన మండే స్వభావమున్న పూతపలకల గురించి హెచ్చరికలు ముందే ఉన్నా, నియంత్రణల తగ్గింపు విధానం భవన నిబంధనలు చూసే ప్రభుత్వ శాఖ ఆలోచనను ఎంతగా ఆక్రమించిందంటే ప్రాణ భద్రతకు చెందిన విషయాలను సైతం పట్టించుకోలేదని, ఆలస్యం చేసిందని 2024 సెప్టెంబరులో విచారణ సంఘం తుది నివేదిక నిర్ధారించింది. అదే బ్రిటన్ బ్రెగ్జిట్ తర్వాత, సుమారు నాలుగు వేల ఐరోపా చట్టాలు 2023 చివరికి వాటంతటవే రద్దయిపోవాలని బిల్లు పెట్టి, ఏది పోతే ఏమవుతుందో ఎవరికీ తెలియదని గ్రహించి, మేలో వెనక్కి తగ్గి ఆరు వందల లోపు జాబితాతో సరిపెట్టుకుంది. అనాలోచిత వేగం నుంచి వెనక్కి రావడాన్ని అక్కడి పాలక పక్షంలోనే కొందరు ద్రోహమన్నారు. నాకైతే ఆ మొత్తం ఉదంతంలో కనిపించిన తెలివైన నిర్ణయం అదొక్కటే.

మరి కాలం చెల్లడాన్ని దేనితో కొలవాలి? వయసుతో మాత్రం కాదు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకుండా ఆపే నియమం మన ఏజెన్సీలో 1917 నుంచి ఉంది. 1959 రెగ్యులేషన్, 1970 సవరణలతో అది బిగిసి, ‘1/70’గా మన్యంలో ప్రతి ఇంటికీ తెలిసిన అంకె అయింది. గిరిజన ప్రాంత భూములను ప్రైవేటు గనులకు లీజుకివ్వరాదంటూ 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా కేసు తీర్పు దానికి మరింత బలమిచ్చింది. గనుల కోసం వచ్చేవారికి ఆ రెగ్యులేషన్ శతాబ్దపు గుదిబండ, కొండ మీద పోడు చేసుకునే కుటుంబానికి ఉన్న ఏకైక కంచె. మరోవైపు ఆంధ్రప్రదేశ్ భూ యాజమాన్య హక్కు చట్టం 2023 అక్టోబరు చివరన అమల్లోకి వచ్చి, ఎన్నికల ప్రచారంలో ప్రధానాంశమై, ప్రభుత్వం మారగానే 2024 జూలైలో రద్దైపోయింది. దానికి వయసు ఏడాది కూడా నిండలేదు. వివాదాలను సివిల్ కోర్టుల పరిధి నుంచి తప్పించి అధికారుల చేతిలో పెట్టడం రైతును భయపెట్టింది కాబట్టి అది పోయింది. ఈ రెండు ఉదాహరణల్లోనూ ప్రశ్న ఒక్కటే: ఈ చట్టాన్ని ఇవాళ ఎవరు, ఎవరి మీద వాడుతున్నారు, ఇది లేకపోతే ఎవరి చేయి బలపడుతుంది. రద్దు బిల్లులకు జతచేసే లక్ష్యాలు, కారణాల వివరణలో ఈ ప్రశ్నకు జవాబు రాయడాన్ని తప్పనిసరి చేస్తే, వినియోగ చట్టాల రద్దుకు ఒక వాక్యం సరిపోతుంది, పర్యావరణ శిక్షల రద్దుకు పది పేజీలు కావాల్సి వస్తుంది. చర్చకు కేటాయించే సమయం కూడా ఆ నిష్పత్తిలోనే ఉండవచ్చు.

మళ్లీ మొదటి వార్త దగ్గరికి వద్దాం. 2022 డిసెంబరు 28న కందుకూరులో, నాలుగు రోజులకు గుంటూరులో తొక్కిసలాటలు జరిగి పదకొండు మంది చనిపోయాక, అప్పటి వైసీపీ ప్రభుత్వం రోడ్లపై సభలను కట్టడి చేస్తూ జీవో నంబర్ 1 ఇచ్చింది. దానికి ఆధారం 1861 పోలీసు చట్టమే. ప్రతిపక్షాలను రోడ్డెక్కనీయకుండా చేసే కుట్ర అని తెలుగుదేశం మండిపడింది, ప్రతిపక్ష నేతలు కోర్టుకు వెళ్లారు, 2023 మేలో హైకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. జీవో పోయింది, సెక్షన్ మిగిలింది. ఏడాది తిరిగేసరికి అధికారం చేతులు మారింది. ఇప్పుడు 30 యాక్టు ప్రకటనలు చదివి ప్రజాస్వామ్యం గురించి మాట్లాడేది వైసీపీ నాయకులు, శాంతిభద్రతల గురించి మాట్లాడేది తెలుగుదేశం మంత్రులు. పోలీసు వ్యవస్థ రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో రెండో అంశం. ఆ సెక్షన్‌ను మార్చడానికి ఢిల్లీ కమిటీల కోసం ఎదురుచూడాల్సిన పని లేదు, రెండు శాసనసభల్లో దేనికైనా ఒక రోజు చర్చ, ఒక పేజీ బిల్లు చాలు. రెండు పార్టీలకూ ఆ సెక్షన్ దెబ్బ తెలుసు, దాని ఉపయోగమూ తెలుసు.